మామూలు స్విఫ్ట్‌ని రేస్ ట్రాక్ మీదకి తీసుకెళ్ళే ముందు ఏం చేయించాలి?

మీరు అడిగింది ఇదీ: ఉండేది ఒడిశాలోని జయపురం, బండి 2016 పెట్రోల్ స్విఫ్ట్, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. జనవరిలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఒక రోజు తోలాలని ఉంది, చేతిలో 60 వేలు ఉన్నాయి. స్నేహితులేమో రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించు, సైలెన్సర్ మార్చు అంటున్నారు. సుంకి ఘాట్‌లో వారం వారం తోలుతాను కాబట్టి మలుపులంటే భయం లేదని కూడా రాశారు.

నాది రాయగడలో షెడ్డు. పానా పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. 2013 నుంచి వీలైనప్పుడల్లా సొంత బండి తోలుకుంటూ ఆ ట్రాక్‌కి వెళ్ళి, అదే బండిలో ఇంటికి తిరిగొస్తున్నాను. కాబట్టి చుట్టూ తిప్పకుండా చెప్తాను.

ఇంజన్ బలం పెంచడానికి ఒక్క రూపాయి పెట్టకండి. ముందు బ్రేకు ఆయిల్ మార్పించండి. తర్వాత ప్యాడ్లు, టైర్లు, ముందు చక్రాల దగ్గరి బుష్షులూ జాయింట్లూ, కూలెంటూ, ఇంజన్ ఆయిలూ, హెల్మెట్టూ. ఖర్చు కూడా ఈ వరసలోనే పెట్టండి. టైర్లు బాగుంటే 60 వేలలో సగం మిగులుతుంది, అది పెట్రోలుకీ బసకీ ఉంచుకోండి.

పెద్ద ఊళ్ళ వాళ్ళు చెప్పే సలహాలు మనకి సగమే పనికొస్తాయి. వాళ్ళలో కొందరు బండిని ట్రక్కు మీద ఎక్కించి తెస్తారు, చెడిపోతే అలాగే ఎక్కించుకుని పోతారు. మీరు జయపురం నుంచి కొరాపుట్, సుంకి, సాలూరు మీదుగా వస్తారు, నేను పార్వతీపురం, బొబ్బిలి మీదుగా వస్తాను, రామభద్రపురంలో ఇద్దరి దారులూ కలుస్తాయి. అక్కణ్ణించి విజయనగరం, ఆ తర్వాత హైవే. పోవడానికి సుమారు వెయ్యి కిలోమీటర్లు, రావడానికి ఇంకో వెయ్యి. ట్రాక్ మీద అన్ని సెషన్లూ (బళ్ళని వదిలే విడతలు) కలిపి తిరిగేది వంద, కొంచెం అటూ ఇటూ. అంటే మీరు తయారు చేయించాల్సింది వంద కిలోమీటర్ల రేసు బండినీ, రెండు వేల కిలోమీటర్ల ఇంటి బండినీ, రెండూ ఒకే బండిలో. నేను కింద చెప్పేవన్నీ ఈ లెక్క చూసుకుని చెప్పేవే.

బ్రేకులు

సుంకి దిగేటప్పుడు లారీల బ్రేకు వాసన మీకు తెలిసిందే. అయినా ఘాట్‌లో మీరు 40, 50 లో దిగుతారు. ట్రాక్‌లో నేరు దారి చివర 140 లో ఉన్న బండిని కొన్ని సెకన్లలో 60 కి దించుతారు. మీతో కలిపి 1,040 కిలోల బండి అనుకుంటే ఆ ఒక్క తొక్కుడుకి పుట్టే వేడి దాదాపు 640 కిలోజౌళ్ళు. రెండు లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టి మరిగే దాకా కాచేంత వేడి అది. కొంత గాలికీ టైర్లకీ పోయినా మిగిలింది డిస్కుల్లోకే పోతుంది, అందులోనూ ఎక్కువ వాటా ముందు రెండింటిది. ఇలాంటివి, ఇంతకన్నా చిన్నవి ఒక్కో ల్యాపులో, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరిగేలోపు, ఎన్నో వస్తాయి, చల్లారే సందు ఉండదు. అక్కడ ఒక ల్యాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు.

మనం బ్రేకు ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ రకం ద్రవం. గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, పీల్చిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డబ్బా మీద ఉండే డాట్ అంకె దాని రకం చెప్తుంది. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, చెమ్మ పట్టాక అది 140. డాట్ 4 కి 230, 155. డాట్ 5.1 కి 260, 180. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు తొక్కిన బలమంతా బుడగలు నలపడానికే పోతుంది, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ దాకా రాదు. మన కొండల వానాకాలంలో నాలుగేళ్ళు నానిన ఆయిల్ ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా మొదటి ట్రాక్ రోజు సంగతి చెప్తాను, నవ్వుకోండి. కొత్త ప్యాడ్లు వేసుకున్నాను, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసుకున్నాను, బండి కడిగి పాలిష్ కూడా పెట్టాను. బ్రేకు ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉందని కంటికి కనబడుతూనే ఉంది. వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. రెండో సెషన్లో, నాలుగో ల్యాపో అయిదో ల్యాపో, పెడల్ మీద కాలేస్తే తడి స్పాంజి తొక్కినట్టు కిందకి దిగిపోయింది. టకటకా మళ్ళీ తొక్కితే కొంచెం పట్టింది, ఇంకోసారికి ఇంకొంచెం. ఈలోపు ట్రాక్ అయిపోయింది, నేను గడ్డిలో ఉన్నాను. దేనికీ తగల్లేదు, అంతే అదృష్టం. ప్యాడాక్‌లో, అంటే బళ్ళు నిలిపే చోట, బానెట్ ఎత్తి నిలబడితే ఒక పెద్దాయన వచ్చి అడిగిన మొదటి మాట, ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది అని. నాకు షెడ్డు ఉందని ఆయనకి చెప్పలేదు.

కాబట్టి బయల్దేరడానికి వారం ముందు పాత ఆయిల్ మొత్తం తీయించి, సీలు తీయని డబ్బాలోంచి డాట్ 4 గానీ డాట్ 5.1 గానీ పోయించండి. టాప్ అప్ కాదు, మొత్తం. సగం వాడి అటక మీద పెట్టిన డబ్బా వద్దు, అదీ చెమ్మ పీల్చే ఉంటుంది. ఉత్త 'డాట్ 5' అని ఉన్న డబ్బా ముట్టుకోవద్దు. అది సిలికాన్, మీ బండిలో ఉన్నదానితో కలవదు. 5 కీ 5.1 కీ మధ్య ఆ చుక్క చాలా పెద్దది.

ఎయిర్ తీయడానికి, అంటే బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి బయటికి పంపడానికి, ఇద్దరు కావాలి. లోపల ఒకడు, కింద ఒకడు. కింద చక్రం దగ్గరి నిపిల్ బిగించాకే పైవాడు పెడల్ వదలాలి. మా షెడ్డులో కుర్రాడు "నొక్కు, ఉంచు, వదులు" అని అరుస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తారు. మీ బండికి ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉంటే దాని పంపులో కొంచెం పాత ఆయిల్ చిక్కుకుని ఉంటుంది. స్కానర్‌తో పంపు తిప్పే మెకానిక్ దొరికితే మంచిదే. లేకపోతే ఒకసారి మార్చాక, ఎవరూ లేని మట్టి మైదానంలో నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు ఏబీఎస్ కొట్టేలా తొక్కి, వచ్చి మళ్ళీ ఎయిర్ తీయండి. నేను అలాగే చేస్తాను. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి. కొత్తవి వేస్తే రేసు ప్యాడ్లు మాత్రం వద్దు. అవి వేడెక్కితే గానీ పట్టవు. జనవరి తెల్లవారుజామున పొట్టంగి మంచులో చల్లటి బ్రేకులతో ఘాట్ దిగుతూ, ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆ సంగతి తెలుసుకోవడం ఎందుకు? రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్య రకం దొరుకుతాయి, అవి చాలు. కంపెనీ ప్యాడ్లతో కూడా మొదటిసారి తోలొచ్చు, మూడు నాలుగు ల్యాపులకొకసారి చల్లారనిస్తే. ఏవి వేసినా మొదట అరగదీయాలి: ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు దించి, తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు పోనివ్వాలి. డిస్కు అంచు మీదో మధ్యలోనో కనీస మందం అంకెల్లో కొట్టి ఉంటుంది. అంతకన్నా పలచబడితే డిస్కు మార్చడమే. వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపించి, వీల్ సిలిండర్ చెమ్మగా ఉందేమో చూడమనండి. రబ్బరు హోసు వంచితే పగుళ్ళు కనిపిస్తే అదీ మార్చాలి.

ట్రాక్ మీద తేడా పసిగట్టడానికి ఒక్క గుర్తు పెట్టుకోండి. పెడల్ మెత్తబడి కిందకి పోతే ఆయిల్ మరిగింది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు కాలాయి. రెండింటికీ వైద్యం ఒకటే, వేగం తగ్గించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బళ్ళు ఆపే చోటు) వచ్చేయడం. కానీ మొదటిదానికి ఆ రోజు తోలడం అయిపోయినట్టే. ఒకసారి మరిగిన ఆయిల్‌తో ఎయిర్ తీయకుండా వెయ్యి కిలోమీటర్లు ఇంటికి రావద్దు. అందుకే నేను ఒక డబ్బా, పారదర్శకంగా ఉండే చిన్న గొట్టం, నిపిల్ సైజు పానా డిక్కీలో పెట్టుకునే వెళ్తాను.

టైర్లు

మొదట టైరు పక్కగోడ మీద ఉన్న నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019 లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత ఉన్నా నేను ట్రాక్ మీదకి ఎక్కనివ్వను, రబ్బరు గట్టిపడి ఉంటుంది. పంచర్ వేసిన టైరు, పక్కగోడ ఉబ్బిన టైరు, రీసోల్ టైరు అసలే వద్దు. మన రోడ్ల గోతుల్లో పడి రిమ్ము అంచు వంగి, సుత్తితో కొట్టించుకుని తిరిగే బళ్ళు చాలా చూస్తాను. అలాయ్ అయితే లోపలి వైపు చెయ్యిపెట్టి తడమండి, పగులు వేలికి తెలుస్తుంది.

గాలి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్‌ఐ పెట్టారనుకోండి. ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులకి టైరు లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 75 కి పోతే అదే గాలి 39 దాటుతుంది. టైరు బంతిలా ఉబ్బి నడిమి పట్టీ మీదే నిలబడుతుంది, పట్టు పోతుంది. కాబట్టి సెషన్ అయిన వెంటనే, వేడి మీదే, గేజితో చూసి మొదట 36 దగ్గరికి దించండి. ఎంత సరిపోతుందో సుద్దముక్క చెప్తుంది: టైరు అంచు నుంచి పక్కగోడ మీదకి నాలుగు చోట్ల గీత గీయండి. గీత పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, అంచు దాకా కూడా చెరగకపోతే ఎక్కువ. మీ స్విఫ్ట్‌కి సరిపోయే అంకె నా స్విఫ్ట్‌దే కానక్కర్లేదు.

ఇప్పుడు అసలు మెలిక. వేడి మీద 36 కి దించిన టైరు సాయంత్రం చల్లారాక 30 లోపుకి వస్తుంది. అలాగే సామానంతా ఎక్కించుకుని రాత్రి హైవే ఎక్కితే ముప్పే. ట్రాక్ గేటు దాటే ముందు మళ్ళీ గాలి కొట్టించండి. నేను చిన్న కంప్రెసర్ కొనుక్కున్నాను. రీమ్యాప్ కన్నా వంద రెట్లు మేలైన ఖర్చు.

చక్రం నట్లు టార్క్ రెంచితో, మీ బండి పుస్తకంలో రాసిన బిగింపుకే బిగించాలి, ప్రతి సెషన్ తర్వాతా ఒకసారి చూడాలి. పర్లాకిమిడి నుంచి ఒకతను బయట కొన్న అలాయ్‌లతో వచ్చాడు. రిమ్ముకి కావాల్సిన నట్టు అంచు ఒక రకం, అతను వాడింది ఇంకో రకం. షెడ్డులో గట్టిగా బిగిసినట్టే ఉంది. పది కిలోమీటర్లు తిప్పి వచ్చేసరికి నాలుగింట్లో మూడు చేత్తో తిరిగాయి. ట్రాక్ దాకా పోకముందే తెలిసింది కాబట్టి సరిపోయింది.

మిగతా బండి

ముందు చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత పక్కలు పట్టుకుని ఊపండి. టక్కుమంటే బాల్ జాయింటో, టై రాడ్ ఎండో, బేరింగో. 70 వేలు ఘాట్ రోడ్ల మీద తిరిగిన స్విఫ్ట్‌లో లోయర్ ఆర్మ్ బుష్షులు పోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. అవి మార్చాకే అలైన్‌మెంట్ చేయించండి, ముందు చేయిస్తే డబ్బు దండగ. క్యాంబర్ (చక్రం వాలు) మార్చడం, స్ప్రింగులు కోయడం ఇప్పుడు వద్దు. స్ప్రింగులు కోయడం ఎప్పుడూ వద్దు.

ఇంజన్ ఆయిల్ కొత్తది, కంపెనీ చెప్పిన గ్రేడే, డిప్ స్టిక్ మీద పై గీత దాకా. పొడుగాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకి పోతుంది, తక్కువ ఉంటే పంపుకి అందదు. పై గీత దాటించొద్దు, నురగ కడుతుంది. పెట్రోలు కూడా అంతే, సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వకండి, మలుపుల్లో బండి తడబడుతుంది. హైవే మీద 18 ఇచ్చే నా బండి ట్రాక్ మీద 7 ఇస్తుంది, ముందే చెప్తున్నాను.

రేడియేటర్‌ని వెనక నుంచి ముందుకి నీళ్ళతో కడిగించండి. ధాన్యం పొట్టు, పురుగులు, సున్నపు దుమ్ము అన్నీ రెక్కల్లో ఇరుక్కుని ఉంటాయి. కూలెంట్ మార్చి రెండేళ్ళు దాటితే మార్చండి, బోరు నీళ్ళు పోయకండి. మూత రబ్బరు చీలిందేమో చూడండి. ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచబట్టే కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వంద, రెండొందల రూపాయల మూత వల్ల ఇంజన్ హెడ్ వంగిన బండి నా షెడ్డుకి ఏడాదికి ఒకటైనా వస్తుంది.

లోపల వదులుగా ఉన్నవన్నీ తీసేయాలి: డ్రైవర్ కాళ్ళ కింద మ్యాటు, సీసాలు, డిక్కీలో స్టెప్నీ, జాకీ. ప్యాడాక్‌లో ఒక మూల పెట్టి, పోయేటప్పుడు గుర్తుగా మళ్ళీ వేసుకోండి. ఒకసారి మజ్జి గౌరమ్మ గుడి దగ్గర కొని డాష్‌బోర్డు మీద అతికించిన అమ్మవారి బొమ్మ ఎండకి జిగురు కరిగి, గట్టి బ్రేకులో ఎగిరి నా ఒళ్ళో పడింది. మొక్కు మొక్కే అనుకోండి, అప్పట్నుంచీ ట్రాక్ రోజు అమ్మవారు గ్లవ్ బాక్స్‌లో ఉంటుంది.

హెల్మెట్ ముఖమంతా కప్పేది కావాలి, నిర్వాహకులు ఏ గుర్తు ఉన్నది ఒప్పుకుంటారో ముందే అడగండి. నూలు బట్టలు, పూర్తి చేతులు. పాలిస్టర్ చొక్కా మంటకి ఒంటికి అతుక్కుంటుంది. చెప్పులు కాదు, పలచటి అడుగున్న బూట్లు. నాలుగు పట్టీల రేసు బెల్టు మామూలు సీటుకి కట్టించుకోవద్దు. బండి బోర్లాపడి పైకప్పు నలిగితే కంపెనీ బెల్టు మిమ్మల్ని పక్కకి వాలనిస్తుంది, ఆ నాలుగు పట్టీలు నిటారుగా కట్టేసి ఉంచుతాయి. రోల్ కేజ్ (పైకప్పు నలగకుండా లోపల కట్టే ఇనప చట్రం), దానికి తగ్గ సీటు ఉన్నవాళ్ళకే అది.

రీమ్యాప్ సంగతి

మీ 1.2 ఇంజన్‌కి టర్బో లేదు. రీమ్యాప్‌తో వచ్చేది కాలికి సరిగ్గా తెలియనంత. సైలెన్సర్‌తో వచ్చేది చప్పుడు. పైన పటారం లోన లొటారం. పైగా మార్చిన సైలెన్సర్‌తో మూడు రాష్ట్రాలు దాటాలి, ప్రతి చెక్‌పోస్టులోనూ చప్పుడుకి సమాధానం చెప్పుకోవాలి. టర్బో బండి రీమ్యాప్ చేయించుకున్న స్నేహితుడు ఒకతను నాతో వచ్చాడు. మూడో ల్యాపుకి వేడి ముల్లు పైకి పోయింది, తిరుగు ప్రయాణంలో తుని దాటాక క్లచ్ జారడం మొదలైంది. 84 గుర్రాల బండితో ఒక రోజంతా తోలినవాడు, బలమైన బండితో మూడు ల్యాపులు తోలినవాడి కన్నా ఎక్కువ నేర్చుకుని వస్తాడు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

సుంకి అలవాటు గురించి కూడా. తమ్ముడూ, అది అలవాటు కాదు, అదృష్టం. ఘాట్‌లో మలుపు అవతల ఏముందో తెలియదు, ట్రాక్‌లో తెలుసు. ఘాట్‌లో మీ వాటా సగం రోడ్డు, ట్రాక్‌లో మొత్తం. ప్రాక్టీసు పేరుతో ఘాట్‌లో వేగంగా తోలొద్దు. పైగా అక్కడ నేర్చుకున్న లైను (మలుపులో బండి పట్టే దారి) ట్రాక్‌లో పనికిరాదు, మళ్ళీ మర్చిపోవడానికి ఒక సెషన్ పోతుంది.

బీమా: మన దేశంలో మామూలు కారు పాలసీలో రేసులూ, వేగ పరీక్షలూ వర్తించవని రాసే ఉంటుంది. ట్రాక్ మీద బండికి ఏమైనా అయితే ఖర్చు మీ జేబులోంచే అనుకుని వెళ్ళండి. ఈ మాట ఇంట్లో కూడా ముందే చెప్పేయండి.

ఆ రోజు

చెన్నై చేరిన రోజే తోలొద్దు. ఒక రాత్రి నిద్రపోండి. పొద్దున సెషన్లు బాగుంటాయి, మధ్యాహ్నం జనవరిలో కూడా ఎండ తగులుతుంది, మనిషే ముందు వేడెక్కుతాడు. జెండాలు చెప్పే సమావేశానికి ఆలస్యం కావద్దు. పసుపు అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ లేదు. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారి ఇవ్వు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, నెమ్మదిగా పిట్‌లోకి.

మొదటి సెషన్ ఎవర్నీ చూడకుండా, సగం వేగంలో. ప్రతి సెషన్లో చివరి ల్యాపు దాదాపు బ్రేకు ముట్టకుండా తిప్పండి, గాలికి డిస్కులు చల్లారతాయి. ఆగాక హ్యాండ్ బ్రేకు లాగొద్దు, కాలు పెడల్ మీద ఉంచొద్దు. కాలిన డిస్కుని ప్యాడ్ అలాగే పట్టుకుంటే దాని మసి ఒకేచోట ముద్రపడుతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంగిందని చాలామంది అనుకునేది చాలాసార్లు ఇదే. గేరులో పెట్టి చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. ఇటుక ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ వెతకాలంటే దొరకదు.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆపేయండి, ఇంకో సెషన్ మిగిలున్నా సరే. అలసిన చేతులతో తోలే ఆ చివరి సెషన్లోనే బళ్ళు గడ్డిలోకి పోతాయి. ఆపాక గాలి, నట్లు, ఇంజన్ ఆయిల్, కూలెంట్, ప్యాడ్ల మందం చూసుకోండి. ఆ రాత్రి కూడా అక్కడే పడుకుని తెల్లారి బయల్దేరండి. నెల్లూరు దాకా నెమ్మదిగా పోతూ పెడల్ ఎలా ఉందో కాలితో వినండి. సాలూరులో టీ తాగేటప్పుడు బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ మట్టం ఇంకోసారి చూశాకే సుంకి ఎక్కండి.